తేనెటీగకు గెనిమ తెలుస్తాదా?

ఆ చెట్టును గుర్తుపట్టడం ఎలాగో డాక్టర్ వన్నూరమ్మ ఈ ఎనిమిదేళ్ళలో ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో ఆమెకే తెలియదు. ఏ ఊరికి వెళ్ళినా అదే పాఠం. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది గానీ విన్నవాళ్ళ చెవులు మాత్రం చెక్కు చెదరలేదు.

"ఇది ఆఫ్రికా అడవుల్లో దానంతట అది పెరిగే పండ్లచెట్టు. పేరు మరూలా. ముందు బెరడు చూడండి. బూడిదరంగుగా ఉంటుంది. పెచ్చులు గుండ్రంగా ఊడిపోయి, ఊడినచోట గుంటలు పడతాయి, అమ్మవారు పోసిన మొహం మాదిరి. కొమ్మలు కొసల దాకా మొద్దుగానే ఉంటాయి. ఆకులన్నీ కొమ్మ చివరన గుత్తిగా చేరతాయి. మన గుంపెన చెట్టు దీనికి దాయాది, పోలిక చూసి మోసపోకండి. గుంపెన ఆకు కొన తోకలా సాగుతుంది. దీని ఆకు గుండ్రంగా ఉండి కొసన చిన్న మొన ఉంటుంది. కాయ పచ్చిగా ఉండగానే రాలి, నేలమీద పండుతుంది. అందుకని చెట్టెక్కి కోయొద్దు, కింద ఏరుకోండి."

ఇంతా విని రైతులు అడిగే ప్రశ్న ఒక్కటే.

"అదంతా సరే గానీమ్మా, ఇది ఆడదా, పోతుదా?"

అడగడంలో తప్పు లేదు. తాటిచెట్టులాగే దీనిలోనూ పోతుచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. కాయలు కాసేది ఆడచెట్టే. ఏది ఏదో తెలియాలంటే పూత వచ్చేదాకా ఏడెనిమిదేళ్ళు ఆగాలి. వానలు మొహం చాటేసి, వేరుశనగ వేసినవాడల్లా నెత్తిన గుడ్డ వేసుకున్న ఆ ఎర్రనేలలో, సగం పోతులని తెలిసి ఏ రైతు ఎనిమిదేళ్ళు నీళ్ళు మోస్తాడు? అందుకే వన్నూరమ్మ ఆ పెట్టె తయారుచేసింది. టిఫిన్ డబ్బా అంత పెట్టె. ఏడాది మొక్క నుంచి ఒక ఆకు తుంచి అందులో వేసి మూత పెడితే, మనిషి ముక్కుకు అందని వాసనల్ని అది పసిగడుతుంది. నిమిషమున్నరలో ఆడదైతే పచ్చదీపం, పోతుదైతే ఎర్రదీపం.

ప్రభుత్వ కాగితాల్లో దానికి పెట్టిన పేరు పలకడానికి నాలుక తిరగదు. ఊళ్ళోవాళ్ళు ఒక్కరోజులో పేరు పెట్టేశారు. స్కానింగు పెట్టె. ఆ మాట విన్నప్పుడల్లా వన్నూరమ్మకు ఒళ్ళు మండేది. మండటానికి కారణం ఉంది.

ఆమె తండ్రి గంగులప్పకు మొదట ఇద్దరూ ఆడపిల్లలే. రెండోదానికి సాకమ్మ అని పేరు పెట్టాడు. కర్ణాటక సరిహద్దు ఊరు కదా, సాకు అంటే అక్కడి మాటలో 'చాలు' అని. దేవుడికి అంత స్పష్టంగా చెప్పినా భార్య హనుమక్క మూడోసారి నెల తప్పింది. పట్నంలో ఒక సందులో దొంగచాటుగా స్కానింగు చేస్తారని తెలిసి గంగులప్ప ఆమెను తీసుకెళ్ళాడు. ఆడపిల్లయితే అక్కడే ఆ పని కూడా చేయించుకుని రావాలని ఒప్పందం. హనుమక్క లోపలికి వెళ్ళి వచ్చి, "మగపిల్లోడంట" అంది. గంగులప్ప ఊరంతా బెల్లం పంచి, వన్నూరప్ప అని పేరు కూడా సిద్ధం చేసుకున్నాడు. తీరా పుట్టింది ఆడపిల్ల. సిద్ధం చేసుకున్న పేరు పారేయలేక, చివర అప్పను తీసి అమ్మను పెట్టాడు.

అప్పటి నుంచి ముప్పై ఎనిమిదేళ్ళుగా గంగులప్ప ఆ డాక్టర్ని, ఆ మిషన్ని తిట్టని పండగ లేదు. పిల్లను ముద్దుగానే పెంచాడు, చదివించాడు. కానీ నలుగురు కూడినప్పుడల్లా, "ఇది మిషను తప్పుకు పుట్టిన పిల్లప్పా" అని నవ్వేవాడు. నవ్వే ఆయనకు అది చిన్నమాట. వినే పిల్లకు కాదు. తప్పు చెప్పని మిషన్ ఒకటి చేసి ఈ మనిషి నోరు మూయించాలని పదేళ్ళప్పుడే వన్నూరమ్మ పంతం పట్టింది. పంతం నెగ్గింది కూడా. సొంతూరు ఎర్రబండపల్లెలో మూడువేల మొక్కలకు పరీక్ష చేస్తే ఒక్కటంటే ఒక్కటి తప్పు పోలేదు.

అదే కొంప ముంచింది.

ఈ ఏడాది చెట్లన్నీ మొదటిసారి విరగబూశాయి. పన్నెండు రోజులైంది. పూలు వాడి రాలిపోతున్నాయి తప్ప, ఒక్క పిందె నిలవలేదు. ఎందుకు నిలవలేదో తెలుసుకోవడానికి డాక్టరేట్ అక్కర్లేదు. పోతుచెట్టు పుప్పొడి లేకుండా ఆడచెట్టు ఎన్ని పూలు పూసి ఏం లాభం? పదికి ఒక పోతుమొక్కను ఉంచమని వన్నూరమ్మ ఆనాడు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. సరేనమ్మా అని అందరూ తలలూపారు.

పట్నంలోని పరిశోధనా కేంద్రంలో డైరెక్టర్ చక్రపాణి ముందు ఆమె ఇదంతా ఏకరువు పెట్టింది.

"ఊళ్ళో పోతుచెట్లు ఏమైనా మిగిలాయో లేదో రేపు వెళ్ళి చూస్తాను సార్. ఈలోపు మన కేంద్రం తోటలోవి నలభై ఉన్నాయి కదా. వాటి పూలకొమ్మలు కోసుకెళ్తాను."

చక్రపాణి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అవి లేవమ్మా."

"లేవంటే?"

"మీరు ఊళ్ళు తిరుగుతున్నప్పుడు మంత్రిగారు వస్తే తోట ముందర బోర్డు పెట్టాం, 'నూరు శాతం ఫలసాయం' అని. బోర్డు పెట్టాక పోతుచెట్లు ఉంటే బాగుండదని తీయించేశాం."

వన్నూరమ్మ కిటికీలోంచి చూసింది. బోర్డు నిలబడే ఉంది. దాని వెనక నలభై గుంతలు, గుంతల అవతల పూతతో వంగిపోయిన ఆడచెట్లు. ఒక్కదానికీ పిందె లేదు. ఆమెకు ఏడవాలో, ఆ బోర్డు పీకి ఆయన నెత్తిన కొట్టాలో తెలియలేదు.

"ఆఫ్రికా నుంచి పుప్పొడి తెప్పించండి సార్, పోనీ."

"అది విత్తనం కిందికే వస్తుందమ్మా. దిగుమతి అనుమతికి మూడు నెలలు పడుతుంది."

"పూత ఉండేది మూడు వారాలు."

"అయితే వచ్చే ఏడాదికి ఇప్పుడే అర్జీ పెట్టేద్దాం," అన్నాడాయన ఎంతో ఉదారంగా. "అన్నట్టు, మీ పెట్టెలు మరో మూడువేలు తయారవుతున్నాయి. వచ్చేనెల జిల్లాలన్నిటికీ పంచుతున్నాం. తుది నివేదిక తొందరగా ఇచ్చేయండి. కచ్చితత్వం నూరు శాతం అని పెద్ద అక్షరాలతో."

బయటికొచ్చి ఆమె జింబాబ్వేలోని రూడోకు ఫోన్ చేసింది. మొదట విత్తనాలు పంపింది రూడోనే. చెట్టును గుర్తుపట్టే పాఠం నేర్పిందీ ఆమే. సంగతంతా చెప్పింది.

"మా ఊళ్ళో ఎవరూ పోతుచెట్టును కొట్టరు వన్నూర్," అంది రూడో. "మా అమ్మమ్మ ఎప్పుడూ పోతుచెట్టు కిందే కూర్చునేది. ఆడచెట్టు కింద కూర్చుంటే నెత్తిన కాయలు పడతాయని. అసలు ఒకటడుగుతాను, ఏమనుకోవద్దు. ఆ పెట్టె మీకెందుకు?"

వన్నూరమ్మ ఫోన్ పెట్టేసింది. కోపం మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని తీసుకుని మర్నాడు పొద్దున్నే ఊరికి బయల్దేరింది.

ఊరి పొలిమేరలోనే ఎర్రజెండాలు కనిపించాయి. సౌరఫలకాల కంపెనీవాళ్ళు భూములు కొలిచి కర్రలు పాతుతున్నారు. కాయ కాయని తోటలు మీకెందుకు, మాకు కౌలుకివ్వండి, చెట్లు మేమే పీకించి పలకలు వేసుకుంటామన్నారట. వచ్చే సోమవారం సంతకాలు. అంటే ఆరు రోజులు. ఎనిమిదేళ్ళ చెట్లు, ఎనిమిదేళ్ళ ఆమె బతుకు, ఆరు రోజుల్లో యంత్రాల కోరలకింద పడబోతున్నాయి.

ఇంటి దగ్గర సంచి తగిలించి నేరుగా చేలోకి నడిచింది. తండ్రి అక్కడే ఉన్నాడు, గొడుగేసుకుని.

"నాయనా, మన చేన్లో పోతుచెట్లు ఎన్ని ఉంచినావు?"

గంగులప్ప గొడుగు భుజం మార్చుకున్నాడు. "ఎన్నని ఉంచేది? నీళ్ళకు తిండికి దండగని పీకేస్తిమి."

"అన్నీ?"

"తేనెటీగకు గెనిమ తెలుస్తాదా మ్మే? పక్కోని చేన్లో పోతుచెట్టు ఉంటే, ఈగ నా చేన్లోకి రాదా? తిప్పేసామి చేన్లో ఉండాయిలే అనుకుంటి."

ఆమె గెనిమ గట్టు దాటి తిప్పేస్వామి చేలోకి వెళ్ళింది. ఆయన తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, "మీ నాయన చేన్లో ఉండాయని గదమ్మా నేను పీకేసింది? శాస్త్రవేత్త నాయన గదా, ఉంచింటాడులే అనుకుంటి," అన్నాడు. ఆ పక్కచేను ఆయన తిప్పేస్వామిని నమ్మాడు. ఆ అవతలి ఆయన ఊరందరినీ నమ్మాడు. మధ్యాహ్నానికి వన్నూరమ్మ ఎర్రటి ఎండలో నలభై చేలు తిరిగి, నలభైసార్లు అదే మాట వింది. ఊరంతా పాలు పోయమంటే, అందరూ పోస్తారులే అని ప్రతివాడూ నీళ్ళు పోసిన కథ చిన్నప్పుడు వీళ్ళే చెప్పారు తనకు. చెప్పి పగలబడి నవ్వారు కూడా.

ఆమె తిరిగొచ్చి తండ్రి మీద విరుచుకుపడింది. "ఆడపిల్లొద్దని ఒక కాలంలో, పోతుమొక్కొద్దని ఒక కాలంలో! మీకు ఏ కాలంలోనన్నా దేవుడిచ్చింది ఇచ్చినట్టు ఉంచుకోవాలని తెలిసిందా నాయనా?"

"నువ్వు గదా మ్మే పెట్టె ఇచ్చింది," అన్నాడు గంగులప్ప. "తెలియకుంటే అన్నీ పెంచుతాంటిమి."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఆమె ఇంటిదారి పట్టింది.

చేలకూ ఊరికీ మధ్య పెద్ద గుట్ట అడ్డం. గుట్ట దాటి, దిడ్డివాకిలి గుండా పెరట్లోకి వచ్చి, చెంబులో నీళ్ళు తీసుకుని మొహాన కొట్టుకుంది. పెరట్లో ఎరువుదిబ్బ పక్కన ఒంటిగా ఒక ఆడచెట్టుంది. మిగిలిన మొక్కను వృథా చేయలేక ఎనిమిదేళ్ళ కింద తనే నాటింది. అలవాటుగా దాని కొమ్మ వంచి చూసింది. చూసి, చెంబు కింద పెట్టేసింది.

కొమ్మ నిండా పిందెలు. జొన్నగింజంతవి, పచ్చగా, గట్టిగా, గిల్లినా రాలనివి.

పిందె పడిందంటే పుప్పొడి ఎక్కడినుంచో వచ్చింది. తేనెటీగ ఎగరగలిగినంత దూరంలో, గుట్టకు ఈవల, పోతుచెట్టు ఒకటి బతికుంది. ఎక్కడ? ఇంటిముందు వేప. వీధిలో కానుగలు. చుట్టూ నిదానంగా తిరుగుతూ పూవు నుంచి లేచిన ఒక ఈగ వెంట నడిచింది. అది పెరటిగోడ దాటి మేకల దొడ్డి వైపు వెళ్ళింది.

దొడ్డిలో హనుమక్క మేకలకు తుమ్మకాయలు పోస్తోంది. కూతుర్ని చూసి, "ఎండన పడి తిరిగితివేమి పాపా, మజ్జిగ తాగుదువు రా," అంది.

వన్నూరమ్మ కళ్ళు ఈగ వెంటే ఉన్నాయి. దొడ్డి చుట్టూ గుంపెన కొమ్మలు పాతి పెంచిన కంచె ఉంది. ఆ ప్రాంతంలో అందరి దొడ్లకూ అంతే, పాతితే చాలు చిగురిస్తుంది. ఆ వరసలో ఒక మూలన ఉన్న చెట్టు మీద తేనెటీగలు గుయ్యిమంటున్నాయి. కొమ్మల చివర్ల నుంచి ఎర్రటి పూలగెలలు వేలాడుతున్నాయి. మొదలు చుట్టూ పాతగోతాలు, మేకల పలుపులు, ఒక చిరిగిన దుప్పటి. ఆమె గోతాం పక్కకు లాగింది. బూడిదరంగు బెరడు. గుండ్రంగా పెచ్చులూడిన గుంటలు. చెయ్యెత్తి ఒక లేతాకు తుంచింది. గుండ్రంగా ఉంది, కొసన చిన్న మొన ఉంది.

ఊరికి వచ్చినప్పుడల్లా ఏళ్ళ తరబడి ఆమె తన సంచి తగిలించే కొమ్మ అది. ఇప్పుడు కూడా సంచి దానికే వేలాడుతోంది. పొద్దున తనే తగిలించింది. ఊరందరికీ చెట్టును గుర్తుపట్టడం నేర్పిన పంతులమ్మ తను!

సంచిలోంచి పెట్టె తీసి, ఆకు వేసి, మూత పెట్టింది. నిమిషమున్నర నిలబడింది. ఎర్రదీపం వెలిగింది.

"అమ్మా! ఇది గుంపెన కాదు!"

"కాదు," అంది హనుమక్క తాపీగా, తుమ్మకాయలు పోస్తూనే.

"నీకు తెలుసా?"

"నాటిన దానికి తెలీదా? మీ నాయన పోతుమొక్కలన్నీ పీకి గెనిమ మీద పారేసినాడు. మూడోదినం కట్టెలకు పోతే, ఒకటి ఇంగా పచ్చగానే ఉండాది. ఏర్లు ఎండినా ఆకు వాడల్యా. నాకు పానం ఒప్పల్యా. తెచ్చి కంచెలో నాటినా. ఎవరన్నా అడిగితే గుంపెన అంటి."

"ఎనిమిదేళ్ళు!" అంది వన్నూరమ్మ. "నేను పన్నెండు రోజులుగా ఆఫీసుల చుట్టూ తిరిగి చస్తాండా. ఎర్రటి ఎండలో నలభై చేలు తిరిగొచ్చినా. ఒక్క మాట చెప్పుంటే ఏమైపోతుండెనమ్మా?"

"నన్నెవరు అడిగిరి? మీ నాయన్ని అడుగుతివి, తిప్పేసామిని అడుగుతివి. చేను మాది, మిషను నాది అని మీరు మీరు మాట్లాడుకుంటిరి." హనుమక్క గంప కింద పెట్టింది. "చెప్తే మీ నాయన అప్పుడే పీకేసుండు. ఏది పుడతాదో అడిగి, పనికిరానిదాన్ని పీకేసే పెట్టె ముందర నేను నిజం చెప్పను పాపా. ఇప్పుడే కాదు, అప్పుడూ చెప్పల్యా."

"అప్పుడంటే?"

హనుమక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"ఆ స్కానింగు మిషను తప్పు చెప్పల్యా. ఆడబిడ్డనే చెప్పింది. నర్సమ్మ నా చెవులో చెప్పింది. బయట మీ నాయన నిలబడి ఉండె. ఆయమ్మ నోరు తెరిచేలోపల నేనే ముందొచ్చి మగపిల్లోడంట అని చెప్పేస్తి."

తప్పు చెప్పని మిషన్ చేయాలని పదేళ్ళ వయసునుంచి పట్టిన పంతం, దాని వెనక పోయిన నిద్ర, పోయిన వయసు అన్నీ వన్నూరమ్మ కళ్ళముందు తిరిగాయి. ఆ మిషన్ తప్పు చెప్పలేదు. తను బతికింది మిషన్ తప్పు వల్ల కాదు. అమ్మ అబద్ధం వల్ల. ఆమెకు తల్లి మీద పట్టరాని కోపం వచ్చింది, ఆ కోపంలోనే ఆమెను వాటేసుకుని ఏడవాలనీ అనిపించింది.

"ముప్పై ఎనిమిదేండ్లు!"

ఇద్దరూ తిరిగి చూశారు. దొడ్డి తడిక దగ్గర గంగులప్ప. కూతురు కోపంగా వెళ్ళిందని వెనకే వచ్చినట్టున్నాడు, గొడుగు ఇంకా తెరిచే ఉంది.

"ముప్పై ఎనిమిదేండ్లు ఆ డాక్టర్ని తిడితిని గదే!"

"తిట్టు," అంది హనుమక్క. "వాడు తిట్లకు తగినోడే."

"అప్పుడే నిజం చెప్పింటే, నేను..."

గంగులప్ప ఆ మాట పూర్తిచేయలేదు. ఆ మాట పూర్తయితే ఎవరు పుట్టి ఉండేది కాదో, ఆ మనిషే ఎదురుగా నిలబడి ఉంది. ఆయన కూతురి మొహం కేసి చూసి, చూడలేక గొడుగు ముడిచాడు. తడిక తీసుకుని లోపలికొచ్చి, చూరులో దోపిన కొడవలి లాగాడు. అలవాటైన భయంతో హనుమక్క ఒక అడుగు ముందుకేసి చెట్టుకు అడ్డం నిలబడింది.

"జరుగు మే," అన్నాడాయన. "పాపా, ఎన్ని కొమ్మలు కావల్ల? పూలు రాలకుండా యాడ కొయ్యల్ల, చెప్పు."

ఆ సాయంత్రం నుంచి ఐదు రోజులు ఎర్రబండపల్లెలో ఎవరూ వేరే పని చేయలేదు. చెట్టు మోడు కాకుండా రోజుకు కొన్ని గెలలు కోసి, తడిగుడ్డలో చుట్టి, గుట్ట దాటించి, ఒక్కో ఆడచెట్టు పూలకూ తగిలించారు. ఈగలు చేసే పని ఊరు చేసింది. గంగులప్ప నిచ్చెన మోస్తూ, తన చేను కంటే ముందు తిప్పేస్వామి చేలోకి వెళ్ళాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

సోమవారం కంపెనీ కారు వచ్చేసరికి ముందుగా తగిలించిన చెట్లలో ఆవగింజంత పిందెలు కనబడుతున్నాయి. ఇవి పిందెలేనా, లేక పూలు రాలిన మొదళ్ళా అని ఊళ్ళో పెద్ద తగువే జరిగింది. తగువు తేలేలోపు సంతకాల వేళ దాటిపోయింది. ఒక్క ఏడాది చూస్తామని చెప్పి పంపేశారు. వానలు పడగానే మేకల దొడ్డి చెట్టు కొమ్మలు తెచ్చి ప్రతి గెనిమ మీదా ఒకటి పాతాలని, అవి ఏ ఒక్కరివీ కావని, అందరివీ అని తీర్మానించారు. ఈ ఊరి తీర్మానాల మీద వన్నూరమ్మకు పెద్ద నమ్మకం లేదు. పాతేరోజు దగ్గరుండి చూడాలని నిశ్చయించుకుంది.

నమ్మకం లేనిది ఈ ఊరొక్కదాని మీదే కాదు. జిల్లాలకు వెళ్ళబోయే మూడువేల పెట్టెల మీద కూడా. పదికి ఒకటి ఉంచండి అని అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయొచ్చు. రాస్తే ఎవరు చదువుతారు? చదివినా పక్కోని చేన్లో ఉంటుందిలే అంటారు. పట్నానికి తిరిగి వెళ్ళాక ఆమె తన గది తలుపు వేసుకుని, పెట్టెను నడిపే సూచనల్లో ఒక్క వరస మార్చింది. ఇక నుంచి ప్రతి పది పోతుమొక్కల్లో ఒకదానికి, ఎవరి చేనైనా సరే, ఎర్రదీపం బదులు పచ్చదీపమే వెలుగుతుంది.

నివేదిక చూసి డైరెక్టర్ చక్రపాణి కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నాడు.

"ఇదేంటమ్మా, పోతుమొక్కల దగ్గర పదింటికి ఒకటి తప్పంటున్నారు! మొన్నటిదాకా నూరు శాతం కదా? ఎంత ప్రయత్నించినా ఈ లోపం పోదా?"

"పోదు సార్."

"అయితే కారణమేంటో ఆ గడిలో రాయాలి కదా. ఖాళీగా వదిలేశారే?"

వన్నూరమ్మ కాగితం వెనక్కి తీసుకుంది. 'లోపానికి కారణం' అన్న గడిలో, గుండ్రటి అక్షరాలతో, "వంశపారంపర్యం" అని రాసి సంతకం పెట్టింది.